రంగు అంకెల వెనుక చరిత్ర: పేజీ రూపకల్పన సాఫ్ట్‌వేర్‌లో లింకు చిత్రాల కలర్ ప్రొఫైళ్లు

వ్యాససంగ్రహం:

కంప్యూటరులో రంగు అంకెల రూపంలో నిలువవుంటుంది. ఆ అంకెలు ఏ రంగును ఉద్దేశించినవో చెప్పే వివరణే కలర్ ప్రొఫైల్. పుస్తకం, పత్రిక, పరిశోధనగ్రంథం వంటివాటిని పేజీలుగా కూర్చేటప్పుడు చిత్రాలను పేజీ ఫైలులో ఇమడ్చకుండా, బయట ఉంచి లింకు ద్వారా చూపడం 1980ల చివరి నుంచి స్థిరపడిన పద్ధతి. చిత్రం ఒకచోట, పేజీ మరొకచోట ఉండటంవల్ల చిత్రంలోని అంకెలకు అర్థం చెప్పే అధికారం ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. ఈ ప్రశ్నకు 1993 నుంచి 2008 దాకా వచ్చిన సమాధానాలను కాలక్రమంలో పరిశీలించడం, తెలుగు ప్రచురణరంగానికీ తెలుగు పరిశోధనకూ వాటితో ఉన్న సంబంధాన్ని గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం. ప్రొఫైల్ లేని రంగుచిత్రాన్ని పరిశోధనలో రంగుకు సాక్ష్యంగా స్వీకరించలేమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కలర్ ప్రొఫైల్, లింకు చిత్రం, ఐసీసీ, పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్, సీఎంవైకే, తెలుగు డీటీపీ, తాళపత్రం.

1. ఉపోద్ఘాతం:

నా పీహెచ్‌డీ మౌఖికపరీక్షలో ఒక పరీక్షకులు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. నా సిద్ధాంతగ్రంథంలో ఒకే తాళపత్రం ఫొటో రెండుచోట్ల ఉంది. రెండో అధ్యాయంలో ఆ ఆకు పసుపు పూసినట్లు నిండుగా కనిపిస్తుంది. అనుబంధంలో అదే ఆకు బూడిదరంగుకు దగ్గరగా పాలిపోయి ఉంది. వారు రెండు పుటలనూ పక్కపక్కన తెరిచి, "ఇవి ఒకే ప్రతిలోనివా, వేర్వేరు ప్రతులా?" అని అడిగారు. తాళపత్రాలకు పసుపు పూయడం పరిరక్షణపద్ధతుల్లో ఒకటి. కాబట్టి ఆకు రంగు ప్రతి చరిత్రకు ఒక ఆధారం. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా దగ్గర మాత్రం సమాధానం లేదు. గ్రంథాన్ని కూర్చిన డీటీపీ కేంద్రంవారికీ కారణం తెలియలేదు.

తరువాత ఫైళ్లు తెరిచి చూస్తే విషయం అర్థమైంది. అధ్యాయంలోని చిత్రం కెమెరా నుంచి వచ్చిన ప్రొఫైల్‌తో సహా లింకు అయింది. అనుబంధంలోనిది అదే ఫొటోకు పరిమాణం తగ్గించి చేసిన నకలు. తగ్గించేటప్పుడు ప్రొఫైల్ జారిపోయింది. రెండు ఫైళ్లలోనూ అంకెలు దాదాపు ఒకటే. పేజీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ అంకెలను రెండు రకాలుగా చదివింది.

లిఖితప్రతుల పరిష్కరణలో పాఠం ఎక్కడిది, ఏ ప్రతిలోనిది, లేఖకుడెవరు అని అడగకుండా ముందుకు పోము. చిత్రం విషయంలో ఆ ప్రశ్న వేయడం మనకు అలవాటు కాలేదు. వేయవలసిన ప్రశ్న ఏమిటో తెలియాలంటే, రంగు అంకెగా ఎప్పుడు మారిందో, ఆ అంకెకు వివరణ ఎందుకు అవసరమైందో చరిత్రలోకి వెళ్లి చూడాలి.

2. రంగును విడదీయడం, కొలవడం:

కొద్ది రంగుల కలయికతో అన్ని రంగులనూ ముద్రించవచ్చన్న ఆలోచన కంప్యూటరుకంటే చాలా పాతది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన జాకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ ఎరుపు, పసుపు, నీలం పలకలను ఒకదానిపై ఒకటి అచ్చువేసి వర్ణచిత్రాలను తయారుచేసే పద్ధతికి 1719లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. అవసరమైనచోట నల్ల పలకను కూడా చేర్చాడు. నేటి నాలుగురంగుల ముద్రణకు బీజం అక్కడ ఉంది. 1861లో లండనులో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల ద్వారా తీసిన మూడు ఫొటోలను తెరపై ఒకదానిమీద ఒకటి ప్రసరింపజేసి రంగుచిత్రాన్ని చూపాడు. మొదటిది సిరాల కలయిక, రెండోది కాంతుల కలయిక. నేటి సాఫ్ట్‌వేర్‌లో సీఎంవైకే, ఆర్‌జీబీ అనే రెండు విభాగాలు ఈ రెండు మార్గాలకు వారసులు.

ఈ రెండు పద్ధతులూ రంగును పుట్టించగలవు కాని కొలవలేవు. "ఇంత ఎరుపు" అన్నప్పుడు ఏ ఎరుపన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 1920లలో ఇంగ్లండులో డేవిడ్ రైట్, జాన్ గిల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా ప్రయోగాలు చేశారు. ఒక రంగుకాంతిని చూపి, దానికి సరిపోయేలా మూడు మూలకాంతులను కలపమని పరిశీలకులను కోరారు. రైట్ ప్రయోగంలో 10 మంది, గిల్డ్ ప్రయోగంలో ఏడుగురు పాల్గొన్నారు. ఈ 17 మంది చూపుల సగటు ఆధారంగా అంతర్జాతీయ కాంతిసంస్థ సీఐఈ 1931లో 'ప్రామాణిక పరిశీలకుడి'ని నిర్వచించింది. ఏ యంత్రంతోనూ ముడిపడని, మనిషి చూపుతో మాత్రమే ముడిపడిన రంగుకొలత అప్పటినుంచి లభించింది. 1976లో అదే సంస్థ ప్రకటించిన 'ల్యాబ్' కొలమానం దాని వారసురాలు. నేటి ప్రతి కలర్ ప్రొఫైల్ లోపలా చివరికి ఉండేది ఈ కొలమానాల భాషే.

3. మూసిన వలయం నుంచి డెస్క్‌టాప్ ప్రచురణకు:

కొలమానం 1931లోనే ఉన్నా ముద్రణరంగం దానిని రోజువారీ పనిలోకి తెచ్చుకోవడానికి అరవయ్యేళ్లు పట్టింది. అంతకుముందు దాని అవసరం పెద్దగా కలగకపోవడమే అందుకు కారణం. 1970ల చివరిలో, 1980లలో పెద్ద ముద్రణసంస్థలు జర్మనీ హెల్, ఇంగ్లండు క్రాస్‌ఫీల్డ్, ఇజ్రాయెల్ సైటెక్స్ వంటి కంపెనీల వ్యవస్థలను వాడేవి. స్కానరు, తెర, ఫిల్ము తీసే యంత్రం ఒకే గొడుగు కింద ఉండేవి. స్కానరు చిత్రాన్ని నేరుగా సీఎంవైకే అంకెలుగా మార్చేది. ఆ అంకెలు ఒకే అచ్చుయంత్రానికి, ఒకే రకం కాగితానికి ఉద్దేశించినవి. ఏ అంకెకు ఏ రంగు పడుతుందో ఆపరేటరుకు అనుభవంతో తెలుసు. అంకెల అర్థం మనిషి బుర్రలో ఉంది కాబట్టి ఫైలులో రాయవలసిన పని లేకపోయింది. దీనిని 'మూసిన వలయం' అనవచ్చు.

1985లో ఈ వలయం తెగింది. ఆపిల్ మాకింటాష్ కంప్యూటరు, లేజర్‌రైటర్ ప్రింటరు, అడోబ్ పోస్ట్‌స్క్రిప్ట్ భాష, ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ ఒకచోట చేరాయి. ఆల్డస్ స్థాపకుడు పాల్ బ్రెయినర్డ్ వ్యాప్తిలోకి తెచ్చిన 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్' అనే మాటకు పొట్టిరూపమే మనం నేటికీ వాడే డీటీపీ. స్కాను చేసేది ఒకరు, పేజీ కట్టేది మరొకరు, అచ్చువేసేది ఇంకొకరుగా పని విడిపోయింది. ఒకరి యంత్రంలోని అంకె మరొకరి యంత్రంలోకి వెళ్లేసరికి దాని అర్థం వెంట వెళ్లలేదు.

లింకు పద్ధతి ఈ దశలోనే అవసరమైంది. ఒక ఏ4 పుట నిండా పట్టే చిత్రాన్ని అంగుళానికి 300 బిందువుల చొప్పున నాలుగురంగుల్లో నిలువచేస్తే 2480, 3508, 4 అంకెల లబ్ధం, అంటే సుమారు 3 కోట్ల 48 లక్షల బైట్లు అవుతుంది. 1986లో వచ్చిన మాకింటాష్ ప్లస్‌లో ఉన్న జ్ఞాపకశక్తి ఒక మెగాబైటు. అంత చిత్రాన్ని పేజీ ఫైలులో ఇమడ్చడం సాధ్యం కాదు. కాబట్టి చిత్రం డిస్కుమీద విడిగా ఉంటుంది. పేజీలో దాని చిరునామా, చూసుకోవడానికి ఒక చిన్న నమూనా మాత్రమే ఉంటాయి. అచ్చు సమయంలో సాఫ్ట్‌వేర్ ఆ చిరునామాకు వెళ్లి అసలు చిత్రాన్ని తెస్తుంది.

ఆల్డస్ రూపొందించిన ఓపీఐ పద్ధతి ఇంకొక అడుగు ముందుకు వేసింది. అసలు చిత్రం ముద్రణసంస్థలోనే ఉంటుంది. రూపకర్తకు తక్కువ నాణ్యత గల నకలు మాత్రమే చేరుతుంది. పేజీ తిరిగి ముద్రణసంస్థకు వెళ్లాక నకలు స్థానంలో అసలు వచ్చి కూర్చుంటుంది. కాలం, స్థలం కలిసివచ్చిన గొప్ప ఏర్పాటిది. అయితే రూపకర్త తెరమీద చూసినదీ అచ్చుకు వెళ్లినదీ ఒకటి కావన్న వాస్తవం ఇక్కడ వ్యవస్థలోనే భాగమైంది. తరువాతి చిక్కులన్నిటికీ మూలం ఇదే.

4. 1993: అంకెకు అర్థం తోడైంది:

విడిపోయిన పనివారి మధ్య రంగు ఎలా ప్రయాణించాలన్న సమస్యకు ప్రతి కంపెనీ తన సొంత పరిష్కారం వెతికింది. ఆపిల్ 1993లో కలర్‌సింక్‌ను విడుదలచేసింది. ఒక కంపెనీ పద్ధతి మరొక కంపెనీకి అర్థం కాకపోతే సమస్య తీరదు. అదే సంవత్సరం ఎనిమిది కంపెనీలు కలిసి అంతర్జాతీయ వర్ణసంఘాన్ని ఏర్పరచాయి. ఐసీసీగా ప్రసిద్ధమైన ఈ సంఘంలో అడోబ్, ఆగ్ఫా, ఆపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్, సిలికాన్ గ్రాఫిక్స్, సన్, టాలిజెంట్ తొలి సభ్యులు. జర్మనీలోని ముద్రణపరిశోధనసంస్థ ఫోగ్రా ఈ ప్రయత్నానికి తోడుగా నిలిచింది.

ఐసీసీ తీసుకున్న మౌలికనిర్ణయం సరళమైనది. పది రకాల స్కానర్లు, పది రకాల ప్రింటర్లు ఉంటే ఒక్కొక్క జంటకు ఒక్కొక్క మార్పిడిపట్టిక చొప్పున వంద కావాలి. ప్రతి పరికరాన్నీ సీఐఈ కొలమానంతో మాత్రమే పోల్చి వివరిస్తే ఇరవై వివరణలు సరిపోతాయి. స్కానరు అంకె మొదట కొలమానంలోకి, అక్కడినుంచి ప్రింటరు అంకెలోకి మారుతుంది. మధ్యలో ఉన్న ఈ కొలమానం అనేక భాషలవారి మధ్య అనుసంధానభాషలా పనిచేస్తుంది.

ప్రొఫైల్ చిన్న ఫైలు. దాని మొదటి 128 బైట్లు శీర్షం. అది ఏ రకం పరికరానికి చెందినదో, ఏ అనుసంధాన కొలమానాన్ని వాడుతుందో అక్కడ రాసి ఉంటుంది. తరువాత మార్పిడికి కావలసిన పట్టికలు ఉంటాయి. ఎస్‌ఆర్‌జీబీ వంటి సరళమైన ప్రొఫైల్ మూడు కిలోబైట్ల దరిదాపుల్లో ఉంటే, ముద్రణకు చెందిన సీఎంవైకే ప్రొఫైల్ అర మెగాబైటు దాటడం మామూలే. ఫైలు బరువు తగ్గించాలనుకునేవారు ముందుగా దీనినే తీసివేయడానికి ఈ పరిమాణం ఒక కారణం.

ప్రొఫైల్‌ను టిఫ్, జేపెగ్ వంటి ఫైళ్ల లోపలే పొదగవచ్చని ఐసీసీ నిర్దేశించింది. లింకు చిత్రాల చరిత్రలో ఇది పెద్ద మలుపు. మన ప్రాచీనకావ్యాల్లో ఆశ్వాసాంతగద్య కవి పేరును, కృతి పేరును పాఠంతోపాటే మోసుకొస్తుంది. ఆకుల కట్ట ఎవరి చేతికి వెళ్లినా ఆ గద్య చదివితే అది ఎవరిదో తెలుస్తుంది. పొదిగిన ప్రొఫైల్ చిత్రానికి అటువంటి గద్య.

ఇక్కడ రెండు క్రియల మధ్య తేడా గుర్తించాలి. ఒక చిత్రానికి ప్రొఫైల్‌ను 'ఆపాదించడం' అంటే అంకెలను అలాగే ఉంచి వాటి అర్థాన్ని మార్చడం. అప్పుడు చిత్రం కనిపించే తీరు మారుతుంది. ఒక ప్రొఫైల్ నుంచి మరొకదానికి 'మార్పిడి చేయడం' అంటే అర్థం వీలైనంతవరకు నిలిచేలా అంకెలను మార్చడం. అప్పుడు చిత్రం కనిపించే తీరు దాదాపు అలాగే ఉంటుంది. తెలుగులో డీటీపీ చేసినవారికి ఇది కొత్త విషయం కాదు. అను ఫాంటులో టైపుచేసిన వాక్యానికి ఫాంటు పేరు మాత్రమే మారిస్తే అక్షరాలు చెదిరిపోతాయి. అది ఆపాదన. అదే వాక్యాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే లోపలి సంకేతాలు మారినా చదివే మాట మారదు. అది మార్పిడి.

మార్పిడి ఎప్పుడూ పూర్తిగా సాధ్యం కాదు. తెరమీది గాఢనీలాన్ని నాలుగు సిరాలు పట్టుకోలేవు. అచ్చులో అది ఊదావైపు జారుతుంది. ఇటువంటి రంగులను ఏం చేయాలో చెప్పడానికి ఐసీసీ నాలుగు పద్ధతులను నిర్వచించింది. ఒకటి రంగుల పరస్పరసంబంధాన్ని కాపాడుతుంది. రెండోది అందే రంగులను కచ్చితంగా ఉంచి అందనివాటిని అంచుకు తెస్తుంది. మూడోది రంగుల గాఢతకు ప్రాధాన్యమిస్తుంది. నాలుగోది కాగితపు రంగుతో సహా అనుకరిస్తుంది. ఏది ఎంచుకోవాలన్నది మనిషి నిర్ణయం. ప్రొఫైల్ ఉన్నంతమాత్రాన ఆ నిర్ణయం యంత్రం చేతిలోకి పోదు.

5. 1996-2000: ఏది ప్రామాణికం?

ప్రొఫైల్ లేని చిత్రం వస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ఒక సమాధానం ఇచ్చాయి. అప్పటి సాధారణ కంప్యూటరు తెరను ప్రమాణంగా తీసుకొని ఎస్‌ఆర్‌జీబీ అనే వర్ణావరణాన్ని ప్రతిపాదించాయి. వివరణ లేని చిత్రాన్ని దీనికి చెందినదిగా భావించవచ్చన్నది వారి ఆలోచన. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇంటర్నెట్‌కు ఇది గొప్ప సౌకర్యం. ముద్రణవారికి మాత్రం చిక్కు. ముద్రణలో సాధ్యమయ్యే కొన్ని ఆకుపచ్చలు, సయాన్‌లు ఎస్‌ఆర్‌జీబీ పరిధికి వెలుపల ఉంటాయి.

1998లో వచ్చిన ఫొటోషాప్ 5.0తో ఈ వివాదం బహిరంగమైంది. అంతకుముందు ఫొటోషాప్‌లో ఆర్‌జీబీ అంకె అంటే ఎవరి తెర వారికి చూపే రంగే. 5.0లో తెరతో సంబంధం లేని 'పనిచేసే వర్ణావరణం' ప్రవేశించింది. దానికి ముందే నిర్ణయించి పెట్టిన విలువ ఎస్‌ఆర్‌జీబీ. పాత ఫైలును తెరిచినప్పుడు ఈ కొత్త ఆవరణంలోకి మార్చే ఏర్పాటు కూడా ఉండటంతో ముద్రణరంగంవారు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఆ సంచికలోనే ముద్రణకు అనువైన విశాలమైన మరొక ఆవరణం ఒక టెలివిజన్ ప్రమాణం పేరుతో వచ్చింది. దానిలోని విలువలు ఆ ప్రమాణపు అసలు విలువలకు సరిపోలేదని తరువాత తేలింది. అప్పటికే వాడుకరులు దానికి అలవాటుపడ్డారు. కంపెనీ ఆ విలువలను ఉంచి పేరు మాత్రం మార్చింది. అదే నేటి అడోబ్ ఆర్‌జీబీ 1998. పొరపాటున పుట్టిన పాఠమే వాడుకలో ప్రామాణికపాఠంగా నిలిచిన సందర్భాలు మన గ్రంథపరిష్కరణ చరిత్రలోనూ ఉన్నాయి.

ఎస్‌ఆర్‌జీబీ, అడోబ్ ఆర్‌జీబీల మూలవర్ణాల్లో ఎరుపు, నీలం స్థానాలు ఒకటే. ఆకుపచ్చ స్థానం మాత్రం వేరు. అడోబ్ ఆర్‌జీబీలో అది మరింత శుద్ధమైనది. కాబట్టి అడోబ్ ఆర్‌జీబీ చిత్రానికి ప్రొఫైల్ పోయి, సాఫ్ట్‌వేర్ దానిని ఎస్‌ఆర్‌జీబీగా చదివితే రంగులు, ముఖ్యంగా ఆకుపచ్చలు, వాటితో కలిసిన పసుపులు పాలిపోతాయి. వరిపొలం ఎండినట్లు కనిపిస్తుంది. పసుపు పూసిన తాళపత్రం బూడిదరంగుకు దగ్గరవుతుంది. నా సిద్ధాంతగ్రంథంలో జరిగింది ఇదే.

2000లో వచ్చిన ఫొటోషాప్ 6 ప్రతి ఫైలూ తన సొంత ప్రొఫైల్‌తో ఉండటానికి వీలు కల్పించింది. అందరిమీదా ఒకే ఆవరణాన్ని రుద్దడం తగ్గింది. అయితే ఇది ఒక్కొక్క చిత్రాన్ని విడిగా తెరిచే సాఫ్ట్‌వేర్‌కు సరిపోయిన పరిష్కారం. ఒకే పేజీలో పది చోట్ల నుంచి వచ్చిన పది చిత్రాలు లింకై ఉన్నప్పుడు ఏం చేయాలన్నది ఇంకా మిగిలింది.

6. లింకు చిత్రంపై అధికారం:

1999లో వచ్చిన ఇన్‌డిజైన్ వంటి పేజీ సాఫ్ట్‌వేర్‌లో రెండు స్థాయిల ప్రొఫైళ్లు ఉంటాయి. పేజీ డాక్యుమెంటుకు ఒకటి, లింకైన ప్రతి చిత్రానికీ దానిదైన మరొకటి. రెండూ భిన్నమైతే ఎవరి మాట చెల్లాలి? ఆర్‌జీబీ చిత్రాల విషయంలో సమాధానం తేలిక. చిత్రంలోని ప్రొఫైల్‌ను గౌరవించి, అచ్చు సమయంలో సీఎంవైకేలోకి మార్చాలి. ఎలాగూ మార్చక తప్పదు కాబట్టి సరైన ఆరంభస్థానం తెలియడమే ముఖ్యం.

సీఎంవైకే చిత్రాల విషయం వేరు. ఒక వ్యాపారప్రకటన సీఎంవైకేలో తయారై వచ్చిందనుకుందాం. దానిలోని సన్నని అక్షరాలు నల్లసిరాతో మాత్రమే పడాలని రూపకర్త నిర్ణయించాడు. సాఫ్ట్‌వేర్ ఆ ప్రకటన ప్రొఫైల్‌ను గౌరవించి, దానిని కొలమానంలోకి, అక్కడినుంచి డాక్యుమెంటు సీఎంవైకేలోకి మారిస్తే, ఆ నలుపు నాలుగు సిరాల మిశ్రమంగా మారుతుంది. కొలమానానికి నలుపు ఎంత నల్లగా ఉందో తెలుసు. అది ఒక్క సిరాతో పడాలన్న ఉద్దేశం తెలియదు. నాలుగు పలకలు వెంట్రుకవాసి తప్పి కూర్చున్నా అక్షరం చుట్టూ రంగు అంచులు వస్తాయి. తెలుగులో ఒత్తులు, గుణింతపు గుర్తులు చిన్నవి కాబట్టి నష్టం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ అనుభవాల నేపథ్యంలో 2005లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్2 ఒక కొత్త విధానాన్ని ప్రవేశపెట్టింది. సీఎంవైకే చిత్రాల్లో 'అంకెలను కాపాడు, లింకు ప్రొఫైళ్లను విస్మరించు' అన్నది ఆ విధానం పేరు. సాధారణ వినియోగానికి ముందే నిర్ణయించి పెట్టిన అమరికలో ఆర్‌జీబీ చిత్రాల ప్రొఫైళ్లకు గౌరవం, సీఎంవైకే చిత్రాల ప్రొఫైళ్లకు విస్మరణ అన్న ద్వంద్వనీతి స్థిరపడింది. 1993లో అంకెకు అర్థం తోడుచేయడానికి ఏర్పడిన వ్యవస్థ, పన్నెండేళ్ల తరువాత ఒక సగం విషయంలో ఆ అర్థాన్ని కావాలనే పక్కన పెట్టింది.

ఇది వెనుకడుగు అనిపించవచ్చు. ఆచరణలో అది అనుభవజ్ఞులైన అచ్చుపనివారి జ్ఞానాన్ని సాఫ్ట్‌వేర్ అంగీకరించడమే. సీఎంవైకే అంకె రంగుతోపాటు సిరా ఎంత వేయాలన్న ఆదేశం కూడా. ఆదేశాన్ని అనువదిస్తే కొన్నిసార్లు దాని ఉద్దేశం చెడుతుంది. అయితే ఈ విధానానికీ మూల్యం ఉంది. నునుపు కాగితానికి తయారైన చిత్రంలో నాలుగు సిరాల మొత్తం 300 శాతం దాకా ఉండవచ్చు. వార్తాపత్రిక కాగితం సుమారు 240 శాతానికి మించి భరించదు. అంకెలను అలాగే కాపాడితే అటువంటి చిత్రం దినపత్రికలో నల్లగా ముద్దకట్టి, వెనుకపుటకు సిరా అంటుతుంది. కాబట్టి ఏ విధానమూ అన్ని సందర్భాలకూ సరిపోదు. చిత్రం ఎందుకోసం తయారైందో తెలిసిన మనిషే ఎంచుకోవాలి. ఒక్కొక్క చిత్రానికి విడిగా ప్రొఫైల్ నిర్ణయించే వీలు ఇన్‌డిజైన్‌లో ఉండటానికి ఇదే కారణం. స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లోనూ ఈ వీలుంది. మార్టీ మరియా 1998లో మొదలుపెట్టిన లిటిల్ సీఎంఎస్ అనే గ్రంథాలయం దాని రంగుల నిర్వహణకు ఆధారం.

లింకుకు మాత్రమే ప్రత్యేకమైన మరొక ప్రమాదం ఉంది. పేజీ ఫైలును ఎవరూ ముట్టుకోకపోయినా, బయట ఉన్న చిత్రాన్ని ఎవరైనా మార్చి, ప్రొఫైల్ లేకుండా అదే పేరుతో నిలువచేస్తే పేజీ రంగు మారుతుంది. లింకుల పట్టికలో 'మారింది' అన్న హెచ్చరిక కనిపిస్తుంది. అయితే ఏమి మారిందో అది చెప్పదు. ఆ పట్టికలోనే చిత్రపు వర్ణావరణం, ప్రొఫైల్ పేరు చూపే వీలు తరువాతి సంచికల్లో వచ్చింది. చాలామంది ఆ గడిని తెరిచి చూడరు.

7. పీడీఎఫ్/ఎక్స్: మార్పిడి ఎప్పుడు?

పేజీ ముద్రణాలయానికి వెళ్లేటప్పుడు లింకులు తెగి, చిత్రాలన్నీ ఒకే పీడీఎఫ్‌లో చేరతాయి. ఈ దశకు అంతర్జాతీయ ప్రమాణసంస్థ ఐఎస్ఓ 15930 అనే ప్రమాణశ్రేణిని రూపొందించింది. 2001లో వచ్చిన పీడీఎఫ్/ఎక్స్-1ఎ ప్రకారం అన్నీ ముందే సీఎంవైకేలో లేదా ప్రత్యేకసిరాల్లో ఉండాలి. బాధ్యత పంపేవారిది. 2002 నాటి పీడీఎఫ్/ఎక్స్-3 ప్రొఫైల్‌తో కూడిన ఆర్‌జీబీ చిత్రాలను అనుమతించింది. మార్పిడి ముద్రణాలయంలో జరగవచ్చు. 2008 నాటి పీడీఎఫ్/ఎక్స్-4 దానికి పారదర్శకతను చేర్చింది. మూడింటిలోనూ 'ఈ పేజీ ఏ ముద్రణపరిస్థితికి ఉద్దేశించినది' అన్న ప్రకటన తప్పనిసరి. ముందు మార్చాలా, చివరన మార్చాలా అన్న ఈ రెండు మార్గాలూ వాస్తవానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు రెండు సమాధానాలు.

8. తెలుగు ప్రచురణరంగం:

పై చరిత్ర అమెరికా, ఐరోపాల్లో జరిగింది. తెలుగు డీటీపీ దాని ఫలితాలను మరొక క్రమంలో అందుకుంది. కారణం రంగు కాదు, లిపి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, పేజీ సాఫ్ట్‌వేర్ తెలుగు సంయుక్తాక్షరాలను సరిగా కూర్చలేకపోయింది. అను వంటి ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చి ఆ లోటు తీర్చాయి. అవి పేజ్‌మేకర్‌తో చక్కగా కుదిరాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన సంచిక 7.0 వెలువడింది 2001లో. ఇన్‌డిజైన్ తెలుగుతో సహా పది భారతీయభాషలకు మద్దతిచ్చింది 2012 నాటి సీఎస్6లో. ఈ పదకొండేళ్ల నడుమ, 2005 నాటి లింకు విధానాలు మొదలైన మార్పులు పేజ్‌మేకర్‌ను విడవని కేంద్రాల గడప తొక్కలేదు. అక్షరాన్ని కాపాడుకోవడానికి చెల్లించిన మూల్యంలో రంగు కూడా ఒక భాగం.

ఇందులో ఒక పోలిక గమనించదగినది. అను ఫాంటు లేని కంప్యూటరులో తెరిచిన తెలుగు పాఠమూ, ప్రొఫైల్ లేని చిత్రమూ ఒకే రకమైన నష్టానికి గురవుతాయి. రెండింటిలోనూ అంకెలు భద్రంగా ఉంటాయి, అర్థం పోతుంది. తేడా ఒక్కటే. పాఠం చెడితే చదవలేకపోవడంవల్ల వెంటనే తెలుస్తుంది. రంగు చెడితే చిత్రం చిత్రంగానే కనిపిస్తుంది. చూసేవారు దానిని నమ్ముతారు. పరిశోధకుడికి రెండోదే ఎక్కువ ప్రమాదకరం.

దీని ప్రభావం తెలుగు చిత్రకళాచరిత్రపై స్పష్టంగా ఉంటుంది. 1947 జులైలో మొదలైన చందమామ, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు తెలుగువారి వర్ణస్మృతిలో భాగం. నేడు పరిశోధకుడు ఆ ముఖచిత్రాన్ని చూసేది ఎక్కువగా స్కాను రూపంలోనే. చిత్రకారుడి కుంచె నుంచి నాలుగు సిరాలకు, సిరాల నుంచి దశాబ్దాలుగా పసుపెక్కిన కాగితానికి, కాగితం నుంచి స్కానరుకు రంగు మూడు ప్రయాణాలు చేసింది. ప్రొఫైల్ వీటిలో చివరి ప్రయాణానికి మాత్రమే సాక్ష్యం పలుకుతుంది. కాగితంమీద నేడు ఉన్న రంగేమిటో అది చెప్పగలదు. చిత్రకారుడు వేసిన రంగేమిటో చెప్పలేదు. ఈ పరిమితిని ఒప్పుకుంటూనే, ఆ ఒక్క సాక్ష్యాన్నీ పోగొట్టుకోకుండా ఉండటం మన బాధ్యత. "వపా చిత్రాల్లో నీలం ప్రాధాన్యం" వంటి ప్రతిపాదనను ప్రొఫైల్ లేని స్కాన్లపై నిర్మిస్తే, ఆ నీలం చిత్రకారుడిదో, సాఫ్ట్‌వేర్ ఊహించినదో తేల్చలేము.

9. ముగింపు - ఫలితాలు:

1. రంగు అంకెకు స్వతంత్రమైన అర్థం లేదు. 1985 ముందు ఆ అర్థం పనివారి అనుభవంలో ఉండేది. 1993 తరువాత అది ప్రొఫైల్ రూపంలో చిత్రంతో ప్రయాణించడం మొదలుపెట్టింది.

2. లింకు పద్ధతి జ్ఞాపకశక్తి కొరత నుంచి పుట్టింది. చిత్రాన్ని పేజీ నుంచి వేరుచేయడంవల్ల అర్థనిర్ణయంలో చిత్రానికీ డాక్యుమెంటుకూ మధ్య పోటీ ఏర్పడింది.

3. 2005 నాటి విధానం ఆర్‌జీబీలో చిత్రం మాటకు, సీఎంవైకేలో అంకె మాటకు ప్రాధాన్యమిచ్చింది. ఇది సిద్ధాంతంకంటే అచ్చు అనుభవానికి దక్కిన గుర్తింపు.

4. తెలుగు ప్రచురణరంగంలో లిపి సమస్య రంగుల నిర్వహణను వెనక్కి నెట్టింది.

5. లిఖితప్రతులు, పాత పత్రికల ముఖచిత్రాలపై పరిశోధించేవారు మూలచిత్రాన్ని ప్రొఫైల్‌తో కూడిన టిఫ్ రూపంలో భద్రపరచాలి. ఫొటో తీసేటప్పుడు ప్రతి పక్కన వర్ణఫలకాన్ని ఉంచాలి. పరిమాణం తగ్గించిన నకళ్లలోనూ ప్రొఫైల్‌ను నిలపాలి. అచ్చుకు ఇచ్చే ముందు లింకుల పట్టికలో ప్రతి చిత్రం ప్రొఫైల్ పేరును సరిచూసుకోవాలి.

6. ప్రతి సంఖ్య, భాండాగారం పేరు రాసినట్లే, రంగు ఆధారమైన చర్చల్లో చిత్రం కింద స్కాను వివరం, ప్రొఫైల్ పేరు రాయడం మన పరిశోధనాపద్ధతిలో భాగం కావాలి.

మౌఖికపరీక్షలో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పగలను. ఆ రెండు పుటల్లోనిదీ ఒకే ఆకు. పసుపు నిండుగా ఉన్న చిత్రం అసలు ఆకుకు దగ్గరది. రెండో చిత్రంలోని బూడిదరంగు ఆకుది కాదు, జారిపోయిన మూడు కిలోబైట్లలోపు వివరణది.